ఆ ఇరవై ఐదు శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

బ్యాంకు బాకీ కోసం మా బావ బియ్యం మిల్లుకు పెట్టిన వేలం మీద రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌లో స్టే వచ్చిన రోజు విచారణ నాలుగు నిమిషాలు జరిగింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉన్నాను కాబట్టి తెలుసు. మా ప్లీడరు గారు లేచి వేలం నోటీసులో తప్పులు చెప్పడం మొదలుపెట్టారు. బ్యాంకు తరఫు ప్లీడరు మధ్యలో లేచి, "స్టే ఇచ్చేటట్టయితే సగం కట్టమనండి సార్" అన్నారు. మా వాళ్లు "పది శాతం" అన్నారు. ట్రైబ్యునల్‌లో జడ్జి స్థానంలో కూర్చునే ప్రిసైడింగ్ ఆఫీసరు గారు ఫైల్లో ఒక పేజీ తిప్పి, "ఇరవై ఐదు. రెండు విడతలు" అన్నారు. తర్వాతి కేసు పిలిచేశారు.

బయటికి రాగానే బావ అడిగింది ఒక్కటే. "స్టే వచ్చిందా, లేదా?"

"వచ్చింది బావా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను మాత్రం ప్లీడరు గారి జూనియర్ రాసుకున్న కాగితం చూస్తున్నాను. బ్యాంకు చెప్పిన బాకీ కోటీ 84 లక్షలు. అందులో పావు వంతు 46 లక్షలు. రెండు వారాల్లో 23, ఆపై నాలుగు వారాల్లో మరో 23. ఏ విడత తప్పినా స్టే దానంతటదే రద్దవుతుంది, బ్యాంకు వేలానికి వెళ్లొచ్చు. అది అక్టోబరు మూడో వారం. తణుకు చుట్టుపక్కల సార్వా కోతలకు ఇంకెంతో దూరం లేదు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇన్నాళ్లూ దీని గురించి రాయలేదు, ఎందుకంటే కోపంతో రాస్తే ఏడుపులా ఉంటుంది. ఈమధ్య ఇంకో మిల్లు ఆయన ఇలాంటి కేసే పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఆయన కోసం పాత కట్ట దించి, మా పిటిషను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. చదివాక నా కోపం పోలేదు, కానీ సగం దిశ మారింది. అందుకే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. స్టేకి, ఇంజంక్షనుకి (ఫలానా పని చెయ్యొద్దని కోర్టు ఇచ్చే ఆదేశానికి) డబ్బు షరతు పెట్టడం తప్పని నేను అనను. ఆ అంకెకు కారణం రాయకుండా పెట్టడం తప్పంటాను. ఆ షరతు దేనికోసమో చెప్పాకే ఎంతో చెప్పాలి.

షరతు లేని కేసు కూడా చూశాను

నేను ఇరవై ఏళ్లకు పైగా మిల్లులకు, చిన్న ఫ్యాక్టరీలకు పద్దులు రాస్తున్నాను. అప్పున్నవాళ్ల పద్దులూ రాశాను, అప్పు రావాల్సినవాళ్ల పద్దులూ రాశాను. రెండో రకం వాళ్లలో ఒక స్నేహితుడున్నాడు. బియ్యం నింపే ప్లాస్టిక్ సంచులు నేయించి మిల్లులకు వేస్తాడు. ఒక మిల్లు నుంచి అతనికి 11 లక్షల 40 వేలు రావాలి. బిల్లులున్నాయి. మార్చి 31 నాటికి ఇంత బాకీ ఉన్నాం అని ఆ మిల్లు యజమాని సంతకం పెట్టిన కాగితం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 37 కింద దావా వేశాడు. రాతపూర్వకమైన బాకీలకు త్వరగా తేలుతుందని ఉన్న దారి అది. ప్రతివాది వాదించుకోవాలంటే ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి.

ప్రతివాది ఏం చెప్పాడంటే, సంచులు నాసిరకమని. సరుకు తీసుకున్న పద్నాలుగు నెలల్లో ఒక్క ఉత్తరం లేదు, ఒక్క సంచి వెనక్కి రాలేదు. దావా పడ్డాక నాసిరకమయ్యాయి. కోర్టు, "విచారించాల్సిన అంశం ఉంది" అని ఏ షరతూ లేకుండా అనుమతి ఇచ్చింది. ఆ దావా ఆరేళ్లు నడిచింది. ఈలోపు మిల్లు లారీలు రెండూ బంధువుల పేరు మీదికి మారిపోయాయి. అమ్మకుండా ఆపమని నా స్నేహితుడు మధ్యలో పిటిషను వేశాడు, కొట్టేశారు. పూచీ లేని బాకీని పూచీ ఉన్న బాకీగా మార్చడానికి తీర్పుకు ముందు జప్తు వాడకూడదని 2008లో రమణ్ టెక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించారు. చివరికి బాకీ కట్టాలని డిక్రీ వచ్చింది. డబ్బు ఇంతవరకూ రాలేదు.

అతని భార్య ఒకరోజు నన్ను అడిగింది. "అన్నయ్యా, మొదట్లోనే కనీసం సగం కోర్టులో కట్టమని ఉంటే వాళ్లు ఆరేళ్లు సాగదీసేవాళ్లా?" నేనేం చెప్పలేకపోయాను. సాగదీసేవాళ్లు కాదు. ఆమె అడిగిన షరతు ఆ కేసులో న్యాయం.

కాబట్టి, "పేదవాడి మీద షరతులేంటి" అనే మాట నా చేత ఎవరూ అనిపించలేరు. ఆ సంచులాయన కూడా చిన్నవాడే. షరతు పెట్టకపోవడం వల్ల నష్టపోయేది ఎప్పుడూ పెద్ద బ్యాంకులే అనుకోవడం పొరపాటు.

మెట్లు ఉన్నాయి, ఎక్కడం లేదు

నన్ను బాధపెట్టేదేమిటంటే, ఈ రెండు కేసుల్లో ఏది ఎలా తూచాలో చట్టానికి తెలుసు. ఆర్డర్ 37లో వాదించుకునే అనుమతి గురించి 2016 నవంబరులో ఐడీబీఐ ట్రస్టీషిప్, హబ్‌టౌన్ కేసులో సుప్రీంకోర్టు మెట్లు మెట్లుగా చెప్పింది. ప్రతివాది వాదన గట్టిదైతే షరతు వద్దు. విచారించదగ్గ అంశాలుండి వాదన సబబుగా కనిపిస్తే మామూలుగా షరతు వద్దు. అంశాలున్నా, ఆ మనిషి నిజాయితీ మీద అనుమానం వస్తే షరతు పెట్టొచ్చు. వాదన జరగడానికి వీలున్నదే గానీ నమ్మశక్యంగా లేదనిపిస్తే మొత్తం అసలు, వడ్డీ దాకా కట్టమనొచ్చు. వాదనే లేకపోతే అనుమతే వద్దు. ఇవన్నీ కాక, ప్రతివాది కొంత బాకీ ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్నంత కోర్టులో కట్టాకే అనుమతి. ఇది చట్టంలోనే రాసి ఉంది.

నా స్నేహితుడి కేసు మూడో మెట్టు మీదిదో నాలుగో మెట్టు మీదిదో. షరతు అక్కర్లేని మెట్టు మీద పెట్టి వదిలేశారు. ఎందుకో ఆర్డరులో లేదు. ఇటు మా బావ కేసులో పావు వంతు. ఎందుకో అందులోనూ లేదు. రెండిట్లోనూ తప్పు ఒకటే, ఫలితాలు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి.

దీనికంటే పాత మాట ఇంకోటుంది. 1958లో సంతోష్ కుమార్, భాయ్ మూల్ సింగ్ కేసులో, వాదన సరైనదే అయినా దాన్ని రుజువు చేసే కాగితాలు ఇంకా వెయ్యలేదని పూచీ అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రుజువులు విచారణలో వస్తాయి, వాదనకు తలుపు దగ్గరే టిక్కెట్టు అడగకూడదు అని నాకు అర్థమైనంతలో దాని సారం.

బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తి స్వాధీనం చేసుకుని వేలం వెయ్యడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టంలోకి వస్తే, 2004 నాటి మార్డియా కెమికల్స్ తీర్పు ఈ కేసుల్లో తిరిగేవాళ్లందరికీ తెలిసిందే. బాకీలో 75 శాతం కడితేగాని ట్రైబ్యునల్ గడప ఎక్కనివ్వని నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. గుమ్మం దగ్గర అడగడం పోయింది. లోపలికి వెళ్లి స్టే అడిగినప్పుడు అదే డబ్బు షరతు రూపంలో ఎదురవుతోంది. స్టే అడిగేవాడు కొంత కట్టాలన్నది సహజమే, దాన్ని కాదనను. కానీ పార్లమెంటు రాసిన శాతాన్ని కొట్టేయడానికి కారణాలు కావాల్సి వచ్చాయి. ట్రైబ్యునల్ నోటితో చెప్పే శాతానికి మాత్రం కారణం అక్కర్లేదా?

పైకి వెళ్దామంటే, తెలుగు రాష్ట్రాల్లోని రుణ వసూళ్ల ట్రైబ్యునళ్ల మీద అప్పీలు కోల్‌కతాలో. ఆ అప్పీలుకు బాకీలో సగం ముందు కట్టాలి. తగ్గించినా పావు వంతుకు తగ్గదు. మా ప్లీడరు గారి మాటల్లో చెప్పాలంటే, "పావు వంతు ఎక్కువైందని చెప్పుకోవడానికి పావు వంతు కట్టాలి." అయితే ఆ అప్పీలు సెక్షన్‌లో ఒక మంచి ముక్క ఉంది. సగం నుంచి తగ్గించేటప్పుడు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం అంటుంది. తగ్గించడానికి కారణం రాయాలి. మొదట పెట్టడానికి ఎందుకు రాయకూడదు?

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది

మొదటి 23 లక్షలు ఎలా కట్టామో చెబుతాను, ఎందుకంటే ఇది ఏ ఆర్డరులోనూ కనిపించదు.

అక్క గొలుసు, నాన్తాడు, గాజులు, మా అమ్మ ఇచ్చిన కాసుల పేరు తాకట్టుకు వెళ్లాయి. ఆరున్నర లక్షలు వచ్చాయి. మరో నాలుగు లక్షలు బావ చెల్లెలి భర్త సర్దాడు. మిగతా పన్నెండున్నర ఊళ్లో ఒకాయన దగ్గర నోటు రాసి తెచ్చాం, రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి నూటికి 24. బ్యాంకు వేసేది 12. ఆ షరతు వల్ల మా బావ బాకీ ఒక్క రూపాయి తగ్గలేదు. 12 మీద ఉన్న అప్పు కొంత 24 మీదికి మారింది. బ్యాంకు పుస్తకంలో మాత్రం 23 లక్షలు వసూలైనట్టు కనిపించింది.

నవంబరు మధ్యలో ధాన్యం రావడం మొదలైంది. బాకీ కట్టక నిరర్థక ఆస్తి (ఎన్‌పీఏ) అయిన మిల్లుకు సరుకు కొనడానికి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు లిమిటు ఎలాగూ ఉండదు. రైతులకు కొంత నగదు చేతిలో పెడితే మిగతాది అరువు మీద ధాన్యం ఇస్తారు. ఆ ఏడు నగదు లేదు. మామూలుగా తోలించే దాంట్లో సగం కూడా తోలించలేకపోయాం. డిసెంబరు మొదటి వారానికి రెండో విడత. పదహారు లక్షలు పోగయ్యాయి, ఏడు తగ్గాయి. గడువు పెంచమని పిటిషను వేశాం. అది విచారణకు వచ్చేలోగా గడువు దాటిపోయింది. స్టే దానంతటదే పోయింది.

అదే షరతు ఫిబ్రవరి ఆఖరుకు పెట్టి ఉంటే? బియ్యం అమ్మిన డబ్బు అప్పటికి తిరిగొస్తుంది. మిల్లు వ్యాపారంలో డబ్బుకు ఋతువులున్నాయి. సార్వా ధాన్యం దిగేటప్పుడు మిల్లరు చేతిలోంచి నగదు లాగేస్తే, బ్యాంకు తన బాకీ తీరే దారినే మూసుకున్నట్టు. ఇది గదిలో ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఎవరూ అడగలేదు, అంతే.

మేం కూడా చెప్పలేదు.

మా పిటిషనులో లేనిది

పాత కట్ట విప్పి చూస్తే నా కోపం దిశ మారిందన్నది దీనివల్లే. మా పిటిషనులో 41 పేరాలున్నాయి. నోటీసు సరిగ్గా అందలేదని ఉంది. బాకీ కట్టమని బ్యాంకు మొదట ఇచ్చే 60 రోజుల నోటీసుకు మేమిచ్చిన అభ్యంతరానికి బ్యాంకు సరైన జవాబు ఇవ్వలేదని ఉంది. ఆస్తి విలువ మదింపు తక్కువ చూపారని ఉంది. "పిటిషనర్ తీవ్ర ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నాడు" అని మూడు చోట్ల ఉంది. లెక్క మాత్రం ఒక్క పేజీ లేదు.

మాకు లెక్క ఉంది. కోటీ 84 లక్షల్లో 18 లక్షలు అంతకుముందు ఒకసారి సెటిల్‌మెంటు ప్రతిపాదన కింద మేం కట్టినవి. ఆ సెటిల్‌మెంటు కుదరలేదు. ఆ డబ్బు నో లీన్ ఖాతాలోనే, అంటే అప్పు కింద జమ వెయ్యకుండా పక్కన ఉంచే ఖాతాలోనే ఉండిపోయింది, బాకీలోంచి తియ్యలేదు. ఇంకో 35 లక్షలు అపరాధ వడ్డీ, రకరకాల ఛార్జీలు. వాటి మీద మాకు నిజమైన తగువుంది. ఈ 53 పోతే మిగిలేది కోటీ 31 లక్షలు. అది మేం బాకీ ఉన్నాం. ఎవరు అడిగినా ఒప్పుకునేవాళ్లం. ఏ నెలలో ఎంత రాబడి, ఎంత ఖర్చు అన్న పట్టీ నా కంప్యూటర్లోనే ఉంది. పిటిషను రాసేటప్పుడు ప్లీడరు గారు అడగలేదు, నేను ఇవ్వలేదు. పద్దులు రాసేవాణ్ణయి ఉండి అది ఇవ్వకపోవడం నా తప్పు. అక్క బంగారం గుర్తొచ్చినప్పుడల్లా ఆ తప్పు నాకు గుర్తొస్తుంది.

ముందు కాగితం లేని ప్రిసైడింగ్ ఆఫీసరు గారు ఏం చేస్తారు? ఒకరు సగం అంటారు, ఒకరు పది అంటారు, ఆయన మధ్యలో ఒక అంకె చెబుతారు. రోజుకు అన్ని కేసులు వినాల్సిన మనిషి.

1982లో ఇంగ్లండులో అప్పటి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు యార్క్ మోటర్స్, ఎడ్వర్డ్స్ అనే కేసు వచ్చింది. అచ్చంగా ఈ చిక్కే. తీర్చడం అసాధ్యమైన షరతు పెడితే అది ప్రతివాది మీద తీర్పు చెప్పేసినట్టేనని జడ్జి లార్డ్ డిప్లాక్ ఒప్పుకున్నారు. అక్కడితో ఆగలేదు. కష్టం కావడం వేరు, అసాధ్యం కావడం వేరు. అసాధ్యమన్నవాడు తన ఆస్తిపాస్తులు, రాబడి మొత్తం కోర్టు ముందు పరచాలి. దాచుకుని అసాధ్యం అంటే కుదరదు. మన దేశంలో బాకీదారుల పక్షాన మాట్లాడే వాళ్లంతా మొదటి ముక్క చెబుతారు. రెండో ముక్క కూడా చెప్పాలి.

ఒప్పుకుంటే మునిగిపోమా?

ఇక్కడ నాకే ఒక పెద్ద అనుమానం వచ్చింది. ఆర్డర్ 37 సూత్రం మా బావ కేసుకు తెచ్చిపెడితే, ఒప్పుకున్న కోటీ 31 లక్షలూ కట్టమనాలి కదా? 46 లక్షలు ఎక్కువని ఏడుస్తున్నవాడు, ఒప్పుకోలును కొలబద్దగా పెట్టమని అడగడమేంటి?

చాలా రోజులు దీని దగ్గర ఆగిపోయాను. చివరికి నాకు తట్టిందేమిటంటే, షరతు పెట్టడానికి కారణాలు ఒకటి కాదు, కనీసం మూడు. బాకీదారు ఆస్తులు మాయం చెయ్యకుండా పూచీ తీసుకోవడం ఒకటి. మనిషి నిజంగా వాదించుకోదలిచాడా, కాలం గడపదలిచాడా తేల్చడం రెండోది. కేసు నడిచినంత కాలం అవతలివాడికి జరిగే నష్టం ఆపడం మూడోది.

సంచులాయన కేసులో మొదటి కారణమే ముఖ్యం. అతని చేతిలో తాకట్టు లేదు. లారీలు పోతే అన్నీ పోయినట్టే. అక్కడ ఒప్పుకున్నంత, అవసరమైతే మొత్తం, కోర్టులో కట్టించడం సబబు. బావ కేసులో బ్యాంకు దగ్గర మిల్లు స్థలం, షెడ్లు, యంత్రాలు, మా బావ ఇల్లు తనఖా ఉన్నాయి. బ్యాంకు సొంత మదింపే మూడు కోట్ల పైన. పూచీ అప్పటికే ఉంది, బాకీకి ఒకటిన్నర రెట్లు. కాబట్టి అక్కడ మొదటి కారణానికి డబ్బు అక్కర్లేదు. మిగిలినవి రెండు, మూడు. కోటీ 31 లక్షల మీద 12 శాతం చొప్పున నెలకు లక్షా 31 వేలు వడ్డీ. నెల నెలా అది కట్టమని, పైన చిన్న మొత్తం ముందు కట్టమని అంటే, బ్యాంకుకు కాలం వల్ల నష్టం లేదు, బావ నిజాయితీ ప్రతినెలా తేలుతుంది. ఏ నెల తప్పితే ఆ నెలే బ్యాంకు ట్రైబ్యునల్ దగ్గరికి రావొచ్చు.

షరతంటే డబ్బే అన్న అలవాటు కూడా పోవాలి. అదే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 39 చూడండి. ఇంజంక్షన్ ఇచ్చేటప్పుడు గడువు, పూచీతో పాటు లెక్కలు పెట్టడం కూడా షరతు కావొచ్చని అందులోనే ఉంది. ప్రతి నెలా పదో తారీఖులోపు సరుకు పట్టీ, అమ్మకాల పట్టీ దాఖలు చెయ్యమనండి. ఆస్తులేవీ కదిలించకూడదనండి. నిజాయితీ లేనివాడు మొదటి పట్టీలోనే దొరికిపోతాడు. డబ్బున్న మోసగాడు ఇరవై ఐదు శాతం కట్టి హాయిగా రెండేళ్లు కూర్చోగలడు. అదే మోసగాడు నెల నెలా లెక్క చూపించలేడు.

అవతలి మాట

ఒక రిటైర్డు బ్రాంచి మేనేజరు గారితో ఇదంతా చెప్పాను. పెద్దాయన, నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. ఓపిగ్గా విని అన్నారు: "ఒరేయ్, నువ్వు చెప్పినవన్నీ నీ బావకు సరిపోతాయి. నా సర్వీసులో స్టే తెచ్చుకున్నవాళ్లు ఎలాంటివాళ్లో నువ్వు చూడలేదు. పెద్ద మొత్తం కట్టమంటేనే మా గుమ్మం ఎక్కి మాట్లాడేవాళ్లు. నెలకు లక్ష అంటే నవ్వుకుంటారు."

ఆయన మాటకు బలం ఉంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కోర్ కేసులో కేరళ హైకోర్టు నలభై ఒక్క లక్షలు దాటిన బాకీ మీద, రెండు వారాల్లో మూడున్నర లక్షలు కట్టమని స్టే ఇచ్చింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టింది. ఇలాంటి రుణాలు ప్రజల డబ్బు, ట్రైబ్యునల్ దారి ఉండగా హైకోర్టులు ఆషామాషీగా స్టేలు ఇవ్వకూడదు అంది. ఆ తీర్పును బ్యాంకు ప్లీడర్లు తరచూ చూపిస్తారు. అందులోనూ నాకు కనిపించిన లోపం అదే. మూడున్నర లక్షలే ఎందుకు? అక్కడ తక్కువ పెట్టారు, మాకు ఎక్కువ పెట్టారు. రెండూ గాలిలోంచి వచ్చిన అంకెలే. కారణం రాసే అలవాటు ఉంటే ఆ మూడున్నర లక్షల స్టే కూడా పుట్టేది కాదేమో. కాబట్టి మేనేజరు గారికి నేను చెప్పింది, "బాబాయ్ గారూ, కారణం రాయమనడం మీ పక్షాన కూడా."

రెండో అభ్యంతరం, సమయం. స్టే దగ్గరే చిన్న విచారణ నడిపితే అసలు కేసు ఎప్పుడు తేలాలి? సర్ఫేసీ దరఖాస్తులు 60 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా నాలుగు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అది ఎంతవరకు జరుగుతోందో ఆ కారిడార్లలో తిరిగిన వాళ్లకు తెలుసు. నేనడిగేది విచారణ కాదు, అయిదు వాక్యాలు. బాకీ ఎంతంటున్నారు, ఎంత ఒప్పుకున్నారు, తగువు పైపైన చూస్తే ఎంత గట్టిది, అవతలి చేతిలో పూచీ ఎంత, ఈ డబ్బు ఎప్పటికి ఎక్కడి నుంచి రాగలదు. కాగితాలు ముందుంటే అయిదు వాక్యాలకు పది నిమిషాలు చాలు.

చెక్కు బౌన్స్ కేసుల్లో సుప్రీంకోర్టు ఇదే అడుగుతోంది. 2018లో వచ్చిన సవరణ ప్రకారం విచారణ నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. 2024 మార్చిలో రాకేశ్ రంజన్ శ్రీవాస్తవ కేసులో, అది కళ్లు మూసుకుని ఇప్పించేది కాదని, ఇరుపక్షాల వాదన బలం, నిందితుడి ఆర్థిక ఇబ్బంది చూసి క్లుప్తంగానైనా కారణాలు రాయాలని చెప్పింది. చెక్కు కేసులో చెయ్యగలిగింది, ఇల్లు వేలం వేసే కేసులో చెయ్యలేమా?

దానంతటదే రద్దవడం గురించి ఇంకొక్క మాట. ఆరు నెలలు దాటితే స్టేలు వాటంతటవే పోతాయన్న 2018 నాటి ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పును 2024 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం పక్కన పెట్టింది. కోర్టు ఆలస్యానికి కక్షిదారు నష్టపోకూడదన్నది అందులో ఒక కారణం. మాది అది కాదు, గడువు తప్పింది మేమే. ఆ తేడా నాకు తెలుసు. అయినా గడువు పెంచమన్న పిటిషను గడువులోపే వేసినప్పుడు, అది వినేదాకానైనా స్టే నిలవాలని ఆర్డరులో ఒక్క వాక్యం ఉంటే ఎవరికి నష్టం? ఏడు లక్షలు తగ్గినవాడూ, ఏడు రూపాయలు కట్టనివాడూ ఒకే గీత మీద రాలిపోతున్నారు.

మా కథ చివరికి మళ్లీ సెటిల్‌మెంటుకే వెళ్లింది. బావ రెండెకరాల కొబ్బరితోట అమ్మాడు. ఇల్లు నిలబడింది. మిల్లు ఇప్పుడు వేరేవాళ్లు లీజుకు నడుపుతున్నారు, బావ అక్కడే సూపర్‌వైజరుగా వెళ్తాడు. అక్క బంగారంలో కాసుల పేరు ఒక్కటే విడిపించగలిగాం.

ఇప్పుడు నా దగ్గరికొచ్చిన మిల్లు ఆయన కేసుకి రెండు పేజీల పట్టీ తయారు చేశాను. బ్యాంకు చెప్పిన బాకీ, మేం ఒప్పుకున్నది, తగువులో ఉన్న ప్రతి అంశం, తనఖా విలువ, నెలవారీ రాబడి, సార్వా దాళ్వాల మధ్య డబ్బు చేతికొచ్చే తేదీలు. కింద మేం కట్టగలిగిన షరతు, ఎందుకు అంతో. వాళ్ల ప్లీడరు గారు చూసి తటపటాయించారు. "ఇది వేస్తే రేపు బ్యాంకు ఇదే కాగితం పట్టుకుని 'ఇంత ఒప్పుకున్నారు' అంటుంది. నీకు తెలీదు, చేతికిచ్చిన అంకె మన మీదికే తిరుగుతుంది" అన్నారు.

ఆయన భయం నిజమే. నేను మిల్లు ఆయన వైపు చూశాను. "ఆ అంకె అబద్ధమా అండీ?" అని అడిగాను. కాదన్నాడు. కాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ రెండు పేజీలు పిటిషనుకు జతచేసి, పైన నంబరు వేసి, సంతకం చేయించుకుని వచ్చాను. వచ్చే మంగళవారం విచారణ.